నిప్పు భయంతో వచ్చిన రేకు

నెల్లూరు, ప్రకాశం జిల్లాల పల్లెల్లో ఆస్బెస్టాస్ కలిసిన సిమెంటు రేకు ఇంటి మీదికి ఎక్కడానికి వాన కంటే నిప్పే పెద్ద కారణం. తాటాకు కప్పు వానకు మహా అయితే రెండేళ్లకోసారి కొత్త ఆకు అడుగుతుంది. నిప్పుకు మాత్రం ఒక్క రవ్వ చాలు. రోహిణీ కార్తె ఎండల్లో గాలి తోలే మధ్యాహ్నం పూట పొయ్యిలోంచి లేచిన రవ్వ ఒక పూరింటి మీద పడితే, వరసలో ఉన్న ఇళ్లన్నీ బిందెలు పట్టుకొచ్చేలోపే అంటుకునేవి. కొత్తపట్నం నుంచి కోట, వాకాడు దాకా తీరం వెంబడి పెద్దవాళ్లకు ఈ భయం బాగా తెలుసు. చేతిలో నాలుగు డబ్బులు ఆడగానే ఆకు తీసేసి రేకు వేయించుకోవడం అందుకే అంత వేగంగా జరిగింది. కాలిపోయే కప్పు నుంచి కాలని కప్పుకు మారడం ఆ ఇంటికి నిజంగానే పెద్ద మెట్టు. రేకును తిట్టే ముందు ఈ మాట ఒప్పుకోవాలి.

అయితే మండని వస్తువు వేరు, మంట నుంచి కాపాడే వస్తువు వేరు. ఆస్బెస్టాస్ విషయంలో ప్రపంచమంతా చాలాకాలం ఈ రెండింటినీ కలిపేసి చూసింది. మన జిల్లాల్లో ఇప్పటికీ అలాగే చూస్తున్నాం.

ఆస్బెస్టాస్ అంటే రాతినార. భూమి లోపల వేడికీ ఒత్తిడికీ కొన్ని సిలికేటు రాళ్లు పోగులు పోగులుగా తయారవుతాయి. ఆ పోగులను దూదిలా విడదీయొచ్చు, దారం వడకొచ్చు, గుడ్డ నేయొచ్చు. ఈ పేరు కింద ఆరు ఖనిజాలు వస్తాయి. తెల్ల ఆస్బెస్టాస్ అనే క్రిసోటైల్ ఒక జాతి. గోధుమరంగు అమోసైట్, నీలిరంగు క్రొసిడొలైట్, ఇంకో మూడు కలిపి ఆంఫిబోల్ అనే రెండో జాతి. క్రిసోటైల్ పోగు మెలి తిరిగి మెత్తగా ఉంటుంది, ఆంఫిబోల్ పోగు నిటారుగా సూదిలా ఉంటుంది. ఇది మనకు పరాయి రాయి కూడా కాదు. పక్కనే కడప జిల్లా పులివెందుల ప్రాంతంలో, బ్రాహ్మణపల్లె చుట్టుపక్కల మంచి రకం క్రిసోటైల్ దొరికేది, తవ్వేవారు. దేశంలో 1986లో కొత్త లీజులు ఆపేశారు. 1993లో పాత లీజుల పునరుద్ధరణ కూడా ఆపేశారు. తవ్వకం ఆగింది కానీ వాడకం ఆగలేదు. రష్యా, బ్రెజిల్, కజకిస్తాన్ లాంటి దేశాల నుంచి ఏటా లక్షల టన్నులు ఓడల్లో దిగుతూనే ఉన్నాయి. ఈ ఖనిజాన్ని అన్నిటికంటే ఎక్కువగా దిగుమతి చేసుకునే దేశం మనదే. అందులో సింహభాగం పోయేది సిమెంటు రేకుల్లోకే.

అంతస్తుల మేడల్లో పని చేసిందెలా

పాశ్చాత్య నగరాల్లో ఆస్బెస్టాస్ కథ కప్పుతో కాకుండా ఉక్కుతో ముడిపడింది. ఉక్కు మండదు. కానీ సుమారు 550 నుంచి 600 డిగ్రీల సెల్సియస్ దగ్గర దాని బలం సగానికి పడిపోతుంది. మామూలు గదిలో కుర్చీలు, కాగితాలు, తెరలు అంటుకుంటే కొద్ది నిమిషాల్లోనే ఆ వేడి వస్తుంది. అప్పుడు దూలం వంగుతుంది, మేడ కూలుతుంది. అందుకని ఉక్కు దూలాలకు వేడి త్వరగా తగలకుండా ఏదో ఒక మందపాటి పొర కప్పాలి. 1930లలో ఆస్బెస్టాస్ నారను సిమెంటు లాంటి జిగురుతో కలిపి గొట్టంతో చిమ్మే పద్ధతి వచ్చింది. చవక, తేలిక, ఒక పూటలో ఒక అంతస్తు అయిపోతుంది. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత లేచిన ఉక్కు మేడల్లో చాలావాటికి లోపల ఈ బూడిదరంగు పొరే ఉంది.

ఆ పొర పని చేసింది, అందులో అనుమానం లేదు. చిక్కంతా దాన్ని చిమ్మేటప్పుడు వచ్చింది. న్యూయార్కులోని మౌంట్ సైనై ఆసుపత్రి వైద్యుడు ఇర్వింగ్ సెలికాఫ్ 1964లో ఇన్సులేషన్ కార్మికుల మరణాలను లెక్కగట్టి చూపించాక, ఊపిరితిత్తుల క్యాన్సర్ వాళ్లలో మామూలు జనం కంటే ఎన్నో రెట్లు ఎక్కువని తేలింది. వరల్డ్ ట్రేడ్ సెంటర్ ఉత్తర టవర్‌ను కడుతున్నప్పుడు సుమారు 40వ అంతస్తు దాకా ఆస్బెస్టాస్ చిమ్మి, 1970లో ఆపేసి, ఆపై అంతస్తులకు ఆస్బెస్టాస్ లేని మిశ్రమం వాడారు. 1973లో అమెరికా పర్యావరణ సంస్థ ఈ చిమ్మే పద్ధతినే నిషేధించింది. 2001లో ఆ టవర్లు కూలినప్పుడు లేచిన దుమ్ములో 30 ఏళ్ల కిందటి ఆ నార కూడా ఉంది.

మన దగ్గర ఈ చిమ్మే పద్ధతి పెద్దగా ఎందుకు రాలేదు? జాగ్రత్త వల్ల కాదు. మన మేడలు కాంక్రీటువి. నెల్లూరు ట్రంకు రోడ్డులోనో ఒంగోలు కర్నూలు రోడ్డులోనో లేచే నాలుగంతస్తుల భవనంలో ఇనుము కాంక్రీటు లోపల ఉంటుంది. ఊచకు బయట ఉండే ఆ అంగుళం, అంగుళంన్నర కాంక్రీటు కవరే దానికి నిప్పు కవచం. మేస్త్రి కవరు బ్లాకులు సరిగ్గా పెట్టకపోతే తుప్పు పడుతుందని అందరూ అంటారు, అగ్నిప్రమాదంలో ఊచ ముందుగా వేడెక్కుతుందన్న మాట మాత్రం ఎవరి నోటా రాదు. ఏదేమైనా కాంక్రీటు పుణ్యాన మన మేడలు ఆస్బెస్టాస్ పూత నుంచి తప్పించుకున్నాయి. అది మన ఇళ్లలోకి మరో దారిలో వచ్చింది.

ఆ దారి 1900 ప్రాంతంలో ఆస్ట్రియాలో లుడ్విగ్ హాచెక్ అనే ఆయన వేసింది. సిమెంటునూ ఆస్బెస్టాస్ నారనూ నీళ్లలో కలిపి, కాగితం తయారుచేసే యంత్రం లాంటిదాని మీద పొర మీద పొర వేసి పలుచని బిళ్లలు తీశాడు. ఇప్పటికీ రేకుల ఫ్యాక్టరీలు నడిచేది ఆ పద్ధతిలోనే. రేకులో నార బరువు పదో వంతుకు కాస్త అటూఇటూ, మిగతాది సిమెంటు, ఫ్లైయాష్ అనే బొగ్గు బూడిద. నార లేకపోతే ఆరు మిల్లీమీటర్ల సిమెంటు బిళ్ల మీద పిల్లి నడిచినా విరిగిపోతుంది. అంటే రేకులో నార చేసే పని నిప్పును ఆపడం కానే కాదు, సిమెంటును పట్టి ఉంచడం. నిప్పు గుణం అదనంగా వచ్చిందని జనం అనుకున్నారు, అమ్మేవాళ్లు కాదనలేదు.

మంటలో రేకు ఏమవుతుంది

దీనికి జవాబు పొగాకు బ్యారన్, అంటే ఆకును వేడితో ఎండబెట్టే కొట్టం, కాలడం చూసినవాళ్లకు తెలుసు. కందుకూరు, కొండపి, టంగుటూరు, పొదిలి, ఇటు నెల్లూరు వైపు డీసీపల్లి, కలిగిరి ప్రాంతాల్లో బ్యారన్ల సంగతి చెప్పనక్కర్లేదు. పచ్చి ఆకును కర్రలకు గుచ్చి అంతస్తులుగా వేలాడదీస్తారు. కింద నేల మీద ఇనుప గొట్టాల్లో పొయ్యి వేడి తిరుగుతుంది. ఆకు ఎండే చివరి రోజుల్లో బ్యారన్ లోపల 70 డిగ్రీల వేడి ఉంటుంది. గొట్టాల వేడి దానికి ఎన్నో రెట్లు. పెళుసైన ఎండుటాకు ఒకటి ఊడి గొట్టం మీద పడితే చాలు, బ్యారన్ మొత్తం అంటుకుంటుంది. అలాంటి బ్యారన్‌కు సిమెంటు రేకుల కప్పు ఉంటే కాసేపటికి అవి టపాకాయల్లా పేలడం మొదలవుతుంది. ముక్కలు దూరంగా ఎగిరిపడతాయి. ఆర్పడానికి వచ్చినవాళ్లు దగ్గరికి పోలేరు.

పేలుడుకు కారణం రేకులోని నీళ్లే. సిమెంటు గట్టిపడటమంటే నీళ్లను తనలో కట్టేసుకోవడం. పైగా రేకు సన్నని రంధ్రాల్లో వానల తేమ కూడా ఉంటుంది. ఒక్కసారిగా వేడి తగిలితే ఆ నీరు ఆవిరై బయటికి పోవడానికి దారి దొరకదు. దానికితోడు లోపలి ముఖం ఎర్రగా కాలుతుంటే బయటి ముఖం చల్లగా ఉంటుంది. ఆ రెండు ఒత్తిళ్లకు రేకు పగులుతుంది. ఇంట్లో అగ్నిప్రమాదం జరిగినా ఇంతే: కప్పు అంటుకోదు, కానీ నిలబడదు. రేకుల గోడతో రెండు గదుల మధ్య అడ్డం కట్టుకున్నచోట ఆ అడ్డం మంటను పక్కగదికి పోకుండా ఆపుతుందన్న భరోసా లేదు.

క్రిసోటైల్ నార కూడా వేడికి చిరంజీవి కాదు. సుమారు 600 నుంచి 800 డిగ్రీల మధ్య తన లోపలి నీటిని వదిలేసి నార గుణం పోగొట్టుకుంటుంది. అలాగైతే కాలిన రేకు బూడిద ప్రమాదం కాదు కదా అని అడగొచ్చు. మంట నడిమధ్యలో బాగా కాలిన ముక్కల విషయంలో ఆ మాట కొంతవరకు నిజం. కానీ చాలా రేకులు అంత వేడి ఎక్కకముందే పేలి చెదిరిపోతాయి. వాటిలో నార నారగానే ఉంటుంది, పైగా సిమెంటు పట్టు విడిపోయి ఉంటుంది. మర్నాడు పొద్దున కాలిన ఇంట్లో పనికొచ్చేవి ఏరుకోవడానికి ఇంటివాళ్లు చీపురు పట్టుకుని బూడిద ఊడుస్తారు. ఆ ఊడ్పు చాలా చెడ్డది. బూడిద మీద ముందు నీళ్లు బాగా చల్లి, తడిగా ఉండగానే పారతో ఎత్తాలి. పంచనామాకు వచ్చిన సిబ్బంది ఈ ఒక్క మాట చెప్పినా ఎంతో మేలు.

ఊపిరిలో ఏం జరుగుతుంది

కంటికి కనిపించే రేకు ముక్క మనిషిని ఏమీ చేయదు. చేసేది కనిపించని పోగు. ఐదు మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) కంటే పొడవు, మూడు మైక్రాన్ల కంటే సన్నం ఉన్న పోగులను లెక్కలోకి తీసుకుంటారు. తలవెంట్రుక మందం 50 నుంచి 100 మైక్రాన్లు. ఇంత సన్నని పోగు గాలి కదలని గదిలో కూడా గంటల తరబడి తేలుతూ ఉంటుంది. ముక్కు వెంట్రుకలను, గొంతు కళ్లెను దాటి ఊపిరితిత్తుల చివరి గాలిసంచుల దాకా పోతుంది. అక్కడ దుమ్మును మింగి శుభ్రం చేసే కణాలు ఉంటాయి. పోగు ఆ కణం కంటే పొడవుగా ఉంటే సగం మింగి ఆగిపోతాయి. మింగలేక, వదల్లేక చచ్చిపోతూ చుట్టుపక్కల కణజాలాన్ని కాల్చే రసాయనాలు వదులుతాయి. ఇంకో కణం వస్తుంది, అదీ అంతే. ఏళ్ల తరబడి ఇలా సాగితే ఊపిరితిత్తి మచ్చలుపడి గట్టిపడుతుంది. ఇది ఆస్బెస్టోసిస్. కొందరిలో ఆ రాపిడి క్యాన్సర్ దాకా పోతుంది. ఊపిరితిత్తులను చుట్టి ఉండే పొరకు వచ్చే మెసోథీలియోమా అనే క్యాన్సర్‌కు ప్రధాన కారణం ఆస్బెస్టాసే. ఊపిరితిత్తులకు, స్వరపేటికకు, అండాశయానికి కూడా దీనివల్ల క్యాన్సర్ వస్తుందని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ తేల్చింది. తెల్లదీ నీలిదీ అని తేడా లేకుండా అన్ని రకాలనూ మొదటి వర్గం క్యాన్సర్ కారకాల్లో పెట్టింది. పని దగ్గర పీల్చిన ఆస్బెస్టాస్ వల్ల ప్రపంచంలో ఏటా 2 లక్షల మందికి పైగా చనిపోతున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా.

ఈ సంగతి నిన్నగాక మొన్న తెలిసింది కాదు. 1898లోనే బ్రిటన్‌లో లూసీ డీన్ అనే ఫ్యాక్టరీ ఇన్‌స్పెక్టరు ఆస్బెస్టాస్ దుమ్ము హాని గురించి రాసింది. 1924లో రోచ్‌డేల్ ఊరి ఆస్బెస్టాస్ కార్మికురాలు నెల్లీ కెర్షా చనిపోయాక ఆ జబ్బు వైద్య పత్రికలకెక్కింది. 1960లో దక్షిణాఫ్రికా నీలి ఆస్బెస్టాస్ గనుల ప్రాంతంలో 33 మందికి మెసోథీలియోమా వచ్చినట్టు వాగ్నర్ అనే వైద్యుడి బృందం ప్రకటించింది. వాళ్లలో గనిలో పని చేయనివాళ్లు, ఆ చుట్టుపక్కల ఊరికే బతికినవాళ్లు కూడా ఉన్నారు. బ్రిటన్ తెల్ల ఆస్బెస్టాస్‌ను ఆపడానికి 1999 దాకా పట్టింది. ఐరోపా సమాఖ్యకు 2005, కెనడాకు 2018, అమెరికాకు ఏకంగా 2024.

పొగాకు పండించే జిల్లాలో చెప్పితీరాల్సిన లెక్క ఒకటుంది. సెలికాఫ్ బృందం 1979లో ప్రచురించిన పరిశీలన ప్రకారం, పొగ తాగకుండా ఆస్బెస్టాస్ జోలికి పోకుండా ఉన్న మనిషికి ఊపిరితిత్తుల క్యాన్సర్‌తో చనిపోయే ముప్పు ఒకటి అనుకుంటే, ఆస్బెస్టాస్ పనిచేసి పొగ తాగనివాళ్లకు సుమారు ఐదు రెట్లు, పొగ తాగి ఆస్బెస్టాస్ తగలనివాళ్లకు సుమారు పదకొండు రెట్లు. రెండూ ఉన్నవాళ్లకు యాభై రెట్లకు పైనే. రెండు ముప్పులు కూడలేదు, హెచ్చవేసుకున్నాయి. చెవిలో బీడీ పెట్టుకుని రేకులు కోసే పనివాడు ఈ నాలుగో వరసలో ఉన్నాడు. మెసోథీలియోమాకు మాత్రం పొగతో సంబంధం లేదు. అది దాదాపు ఎప్పుడూ ఆస్బెస్టాస్‌తోనే వస్తుంది.

మరి ఇన్నేళ్లుగా ఇన్ని రేకులుంటే ఇక్కడి ఆసుపత్రుల్లో ఈ కేసులు ఎందుకు కనబడవు? పీల్చినప్పటికీ జబ్బు బయటపడినప్పటికీ మధ్య 20 నుంచి 40 ఏళ్ల ఎడం ఉంటుంది. పాతికేళ్ల వయసులో ఒంగోలులో షెడ్లు వేసినవాడు అరవై ఏళ్లకు బెంగళూరులో కొడుకు దగ్గర ఆయాసపడతాడు. ఛాతీ ఎక్స్‌రేలో మచ్చ కనబడితే మన దగ్గర ముందుగా వచ్చే అనుమానం టీబీ. మెసోథీలియోమా అని తేల్చాలంటే పొర నుంచి ముక్క తీసి ప్రత్యేక పరీక్షలు చేయాలి. ఇదంతా అయినా, కుర్రతనంలో ఏం పని చేశావని అడిగే వైద్యుడు దొరకాలి. మార్కాపురం పలకల గనుల్లో సిలికా దుమ్ము మీద జనానికి ఉన్న ఎరుక రేకుల దుమ్ము మీద లేకపోవడానికి కారణం ఇదే: పలకల దుమ్ము పని చేసే చోటే ఊళ్లో అందరి కళ్లముందూ దగ్గిస్తుంది, రేకు దుమ్ము ఎవరూ గుర్తుపట్టనంత ఆలస్యంగా వస్తుంది.

ఎప్పుడు ప్రమాదం, ఎప్పుడు కాదు

రేకుల కంపెనీలు ఎప్పుడూ చెప్పే వాదన ఒకటుంది: నార సిమెంటులో బంధించి ఉంది, బయటికి రాదు, జాగ్రత్తగా వాడితే భయం లేదు. ఇందులో సగం నిజముంది. చెక్కుచెదరని రేకు కింద నిద్రపోయే కుటుంబానికి ముప్పు చాలా తక్కువ. నెత్తిన రేకు ఉంటే క్యాన్సర్ ఖాయమని వాట్సాప్‌లో తిరిగే మాటలకు ఆధారం లేదు. అవి పేదవాడి ఇంటి మీద అనవసరమైన భయం కూడా. మిగతా సగం దగ్గరే వాదన కూలుతుంది. జాగ్రత్తగా వాడటం అన్నది ఫ్యాక్టరీ గేటు లోపల ఊహించుకున్న మాట. గేటు దాటిన రేకు చిన్న ట్రక్కులో ఊరు చేరుతుంది. దాన్ని దించేవాడు, కొలత పెట్టేవాడు, కోసేవాడు, రేకును బిగించే జె హుక్కులకు బెజ్జాలు వేసేవాడు ఏ కంపెనీ జీతగాళ్లూ కాదు. కరెంటు కటింగ్ మిషన్‌కు రాయి కోసే బ్లేడు బిగించి వీధిలోనే రేకు కోస్తారు. తెల్లటి దుమ్ము మేఘంలా లేస్తుంది. మూతికి తువ్వాలు చుట్టుకుంటారు. ఆ తువ్వాలు ఈ పోగులను ఆపదు. సాయంత్రం అదే తువ్వాలు ఇంట్లో బట్టల మధ్య పడుతుంది, ఉతికేది భార్య.

చీమకుర్తి గ్రానైటు ఫ్యాక్టరీల్లో రాయి కోసేటప్పుడు బ్లేడు మీద నీళ్లు పారుతూనే ఉంటాయి. అది బ్లేడు వేడెక్కకుండా చేస్తుంది, దుమ్మునూ అణిచేస్తుంది. అదే జిల్లాలో రేకును పొడిగా కోస్తున్నాం. రేకు తడిపి, కరెంటు మిషన్ పక్కనపెట్టి చేతి రంపంతో నెమ్మదిగా కోస్తే దుమ్ము ఎన్నో రెట్లు తగ్గుతుంది. అసలు కోత లేకుండా దొరికే కొలతల ప్రకారమే షెడ్డు వాసాలు పెట్టుకుంటే ఇంకా మంచిది. దీనికి ఖర్చేమీ లేదు. అయినా ఎవరూ చెయ్యకపోవడానికి కారణం, చెప్పినవాళ్లు లేకపోవడమే.

రెండో సందర్భం ఎండాకాలపు సున్నం. రేకు కింద మే నెలలో ఉండలేక పైన తెల్ల సున్నమో కూల్ పెయింటో వేయించడం ఈమధ్య బాగా పెరిగింది. ఆలోచన మంచిదే. పెయింటు పొర పాతబడిన రేకు పైభాగాన్ని కప్పి నార ఊడకుండా కూడా కాపాడుతుంది. తప్పు జరిగేది దానికి ముందు. పాచి, నాచు పోవాలని ఇనుప బ్రష్షుతో పొడిగా గీకుతారు. వానకూ ఉప్పుగాలికీ పైసిమెంటు అరిగిపోయి నార బయటపడ్డ పాత రేకు మీద ఇలా గీకడం కోయడంతో సమానం. తడిపి, మెత్తటి చీపురుతో తోసి, ఆరాక రంగు వేస్తే సరిపోతుంది.

మూడోది తుఫాను. ఈ తీరానికి అది ఏదో అరుదైన సంగతి కాదు. 1989 నవంబరులో కావలి దగ్గర తీరం దాటిన పెనుతుఫాను నుంచి 2023 డిసెంబరులో బాపట్ల దగ్గర దాటిన మిచాంగ్ దాకా ప్రతిసారీ ముందుగా లేచిపోయేవి రేకులే. విరిగిన ముక్కలు ఎక్కడికి పోతాయో చూస్తే అసలు ప్రమాదం తెలుస్తుంది. కొన్ని కోళ్లగూటి మీదికి, కొన్ని మేకల దొడ్డికి అడ్డంగా, కొన్ని కాలవ మీద మూతగా. మిగిలినవి వీధి గుంతల్లో వేసి ట్రాక్టరుతో తొక్కిస్తారు. కప్పు మీద ఉన్నప్పుడు నిద్రపోయిన నార గుంతలో పడ్డాక ప్రతి బండి చక్రం కిందా కొంచెం కొంచెం లేస్తుంది. పిల్లలు ఆడుకునేది కూడా ఆ వీధిలోనే.

ఇళ్లు వదిలితే ఆస్బెస్టాస్ నిప్పు పని ఇంకా కొన్నిచోట్ల మిగిలి ఉంది. పాత బాయిలర్ల ఆవిరి గొట్టాల చుట్టూ పూసిన పూతలు, కొలిమి తలుపులకు చుట్టిన తాళ్లు, వెల్డర్ల పాత గ్లవ్సులు, పాత స్విచ్‌బోర్డుల వెనక అట్టలు ఆ కోవలోవి. బళ్లో బున్సెన్ దీపం మీద బీకరు కింద పెట్టిన వైరు జాలీ మధ్యలో తెల్లటి గుండ్రం ఉండేది గుర్తుందా? అదీ ఇదే. రేకు కంటే ఇలాంటి మెత్తటి పూతలు, తాళ్లు చాలా ప్రమాదకరం. వాటిలో సిమెంటు పట్టు ఉండదు, చేతితో నలిపితే పొడి అవుతాయి. పాత మిల్లు పడగొట్టి ఇనుము తూకానికి అమ్మేచోట గొట్టాల మీది తెల్లటి పొరను సుత్తితో కొట్టి రాల్చడమే రివాజు. పాత ఇనుము వ్యాపారంలో ఉన్నవాళ్లు ముందుగా తెలుసుకోవాల్సింది ఇది.

చట్టం ఎక్కడిదాకా వస్తుంది

సుప్రీంకోర్టు 1995 జనవరి 27న ఆస్బెస్టాస్ కార్మికుల కేసులో గట్టి తీర్పే ఇచ్చింది. ప్రతి కార్మికుడి ఆరోగ్య రికార్డును పనిలో చేరిన దగ్గర్నుంచి 40 ఏళ్లు, లేదా పని మానేశాక 15 ఏళ్లు, ఏది ఎక్కువైతే అంతకాలం దాచాలంది. జబ్బు రుజువైనవాళ్లకు లక్ష రూపాయల పరిహారం చెప్పింది. పూర్తి నిషేధం కోరిన మరో పిటిషన్‌ను 2011లో కొట్టేసింది. ప్రమాదకర రసాయనాల అంతర్జాతీయ వ్యాపారం మీద ఉన్న రోటర్‌డామ్ ఒప్పందం జాబితాలో క్రిసోటైల్‌ను చేర్చే ప్రతిపాదన ఏకాభిప్రాయం కుదరక పదేపదే వాయిదా పడింది. అడ్డుపడిన దేశాల్లో మనదీ ఉంది. జాబితాలో చేరినంత మాత్రాన నిషేధం వచ్చేది కాదు, హాని సంగతి ముందుగా తెలిపి, దిగుమతి చేసుకునే దేశం ఒప్పుకున్నాకే పంపాల్సి వచ్చేది, అంతే. ఆ మాత్రం కాగితానికి కూడా ఒప్పుకోకపోవడం సమర్థించలేని పని.

తీర్పులూ నిబంధనలూ అన్నీ ఫ్యాక్టరీ చుట్టే తిరగడం ఇక్కడి అసలు లోపం. రేకుల తయారీలో మిగిలిన ఆస్బెస్టాస్ దుమ్ము, ముక్కలు 2016 నాటి ప్రమాదకర వ్యర్థాల నిబంధనల జాబితాలో ఉన్నాయి. వాటిని ఎలా పడితే అలా పారేస్తే కేసు. అదే రేకు తీరంలోని జువ్వలదిన్నె ఊళ్లోనో పాకల ఊళ్లోనో ఒక ఇంటి మీద విరిగితే దాన్ని పట్టించుకునే ఏర్పాటు ఊళ్లో ఉండదు. రేకు వాడకం మీద, దాని వ్యర్థం మీద భారతీయ ప్రమాణాల సంస్థ మార్గదర్శకాలు రాసి పెట్టి చాలాకాలమైంది. అవి మేస్త్రి చేతికి వచ్చే తెలుగు కాగితం రూపం ఎన్నడూ ఎత్తలేదు.

బదులు ఏం వేయాలి

పెంకు, శ్లాబు, రంగు ఇనుప రేకు, ఆస్బెస్టాస్ లేని నారలతో చేసిన సిమెంటు రేకు, అన్నీ దొరుకుతున్నాయి. ఇల్లు కట్టేవాడికి ఎంపిక ఇప్పుడు పెద్ద సమస్య కాదు. ధర కొంత తేడా, వేడి కొంత తేడా. నిప్పు లెక్కలో ఆలోచించాల్సింది పెద్ద షెడ్ల దగ్గర. కృష్ణపట్నం చుట్టుపక్కల గోదాములు, తీరంలోని రొయ్యల ప్రాసెసింగ్ ప్లాంట్లు, శీతల గిడ్డంగులు ఇప్పుడు ఉక్కు చట్రం మీద రెండు ఇనుప రేకుల మధ్య ఫోమ్ నింపిన ప్యానెళ్లతో లేస్తున్నాయి. ఆస్బెస్టాస్ బెడద లేదు, బాగుంది. కానీ మధ్యలో ఉన్న పాలీయురెథేన్ ఫోమ్ మండుతుంది, విషపు పొగ వదులుతుంది, రేకుల మధ్య దాగిన మంటకు నీళ్లు అందవు. పైగా చట్రం ఉక్కు, వేడికి వంగేదే. ఒకప్పుడు మండని కప్పు కోసం ఊపిరితిత్తులు పణం పెట్టాం. ఇప్పుడు ఆ దుమ్ము తప్పించుకుని మండే గోడలు కట్టుకుంటున్నాం. ఫోమ్ బదులు రాక్‌వుల్ (రాతిని కరిగించి తీసిన ఉన్ని) నింపిన ప్యానెల్ ఖరీదెక్కువ కానీ అది మండదు. ఉక్కు స్తంభాలకు వెర్మిక్యులైటు అనే ఖనిజం కలిపిన జిప్సం ప్లాస్టరు, వేడికి పొంగి మందమైన బొగ్గు పొరగా మారే పెయింటు లాంటివి ఆస్బెస్టాస్ పూత పనిని ఏ నారా లేకుండా చేస్తున్నాయి.

వాటిలో వెర్మిక్యులైటు మన నేల సరుకే. గూడూరు, సైదాపురం, రాపూరు మైకా పట్టీలో అభ్రకంతో పాటు దొరుకుతుంది. వేడిచేస్తే పొరలు విడి ఉబ్బుతుంది, చాలా తేలికవుతుంది, వేడిని ఆపుతుంది. దాన్ని జిప్సంతో కలిపి ఉక్కుకు పూస్తారు. దీనికీ ఒక చేదు చరిత్ర ఉంది. అమెరికాలో మోంటానా రాష్ట్రంలోని లిబ్బీ అనే ఊళ్లో దశాబ్దాలపాటు తవ్విన వెర్మిక్యులైటులో ట్రెమొలైట్ ఆస్బెస్టాస్ కలిసి ఉంది. గనివాళ్లే కాదు, ఊరంతా జబ్బుపడింది. 2009లో అక్కడ ప్రజారోగ్య అత్యవసర పరిస్థితి ప్రకటించాల్సి వచ్చింది. తప్పు వెర్మిక్యులైటుది కాదు, పక్క రాయిని పరీక్షించకుండా సంచుల్లో నింపి అమ్మడానిది. గనిలో ప్రతి లాటునూ సూక్ష్మదర్శిని కింద చూసి పంపడం కొనేవాడు అడగాల్సిన షరతు.

ఇప్పుడున్న రేకులన్నీ రేపే పీకేయాలనడం మాత్రం తెలివి కాదు. పీకడంలో లేచే దుమ్ము, ఉంచడంలో లేచేదానికంటే ఎక్కువ. గట్టిగా ఉన్నవాటిని రంగు వేసి ఉంచాలి, విరిగినవాటిని తడిపి పూర్తి రేకుగానే దించాలి, పగలగొట్టకూడదు. దించినవాటిని మందపాటి పాలిథీన్‌లో చుట్టి చెరువుకూ తాగునీటి బావికీ దూరంగా లోతుగా పూడ్చాలి. తుఫాను హెచ్చరిక రాగానే ఇసుక బస్తాలు, జనరేటరు, పడవలు సిద్ధం చేసే మండల యంత్రాంగానికి ఒక ట్రాక్టరు, నాలుగు పాలిథీన్ చుట్టలు, పనివాళ్లకు నాణ్యమైన మాస్కులు అదనంగా పెట్టడం పెద్ద ఖర్చు కాదు. ఆ గుంత ఏ సర్వే నంబరులో ఉందో గ్రామ రికార్డుల్లో రాసి ఉంచాలి. ముప్పై ఏళ్ల తర్వాత అక్కడ ఇళ్ల స్థలాలు పంచడానికి వచ్చే తహసీల్దారుకు అది కనబడాలి.